అర మార్కు

కాశీబుగ్గలో ట్యూషన్ చెప్పే రోజుల్లో ఓ అమ్మాయికి అర మార్కు కోశాను.

లెక్క ఇది: ఎక్స్ ప్లస్ 7 మొత్తానికి వర్గమూలం, ఎక్స్ మైనస్ 5కి సమానం. ఇరుపక్కలా వర్గం చేసి సర్దితే వర్గ సమీకరణం వస్తుంది, మూలాలు 9, 2. బోర్డు మీద నేను చేసిందీ, పరీక్షలో మిగతా పిల్లలు రాసిందీ అంతే. ఆ అమ్మాయి మాత్రం 9 ఉంచి, 2ని అడ్డంగా కొట్టేసింది. నా దగ్గరున్న గైడులో రెండూ ఉన్నాయి. ఎర్ర పెన్నుతో అర తీసేశాను.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సులో వచ్చేది. ఇంట్లో పిక్కలు కొడతారు కాబోలు, వేళ్ల కొసల్లో నల్లటి జీడి మచ్చలు. ఆ వేలు 2 మీద పెట్టి, "ఇది వేసి చూడండి మాస్టారూ. ఇటు 3 వస్తాది, అటు మైనస్ 3 వస్తాది. రెండూ ఒకటెలాగవుతాయి?" అంది.

"గైడులో ఉంది. వెళ్లి కూర్చో" అన్నాను.

తెలియక అన్న మాట కాదు. ఆమె వేలు పెట్టగానే నాకు అర్థమైంది. వర్గమూలం గుర్తు రుణసంఖ్యనివ్వదు. ఎక్స్ 5 కంటే తగ్గితే కుడిపక్క రుణమైపోతుంది, ఇక రెండూ కలిసేదెక్కడ? వర్గం చేసేసరికి 3కీ మైనస్ 3కీ తేడా చెరిగి రెండూ 9 అవుతాయి, ఆ సందులోంచే 2 దూరింది. ఎంసెట్‌కి చదివినప్పుడు ఆప్షన్లు ఒక్కొక్కటే సమీకరణంలో వేసి చూసి జవాబు పట్టినవాణ్ణి నేను. సరిచూడటం చేతకాక కాదు. పిల్లలందరి ముందూ నా ఎర్ర గీతని నేనే దిద్దుకోలేకపోయాను.

1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడి తేనెటీగల లెక్కా ఇలాంటిదే. గుంపులో సగానికి వర్గమూలమన్ని ఈగలు పూలపొదకి పోయాయి, గుంపులో తొమ్మిదింట ఎనిమిది వంతులూ పోయాయి, ఓ జంట మిగిలింది. జవాబు 72. దారిలో నాలుగున్నర కూడా తగులుతుంది. సగం ఈగ ఉండదు గనక దాన్ని ఎవరైనా పక్కన పెడతారు. నా లెక్కలో 2 అలా కాదు, చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటుంది.

వచ్చే వారం చెబుదాంలే అనుకుంటూ గడిపేశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది. ఆ అమ్మాయి ఊరి వైపు, ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. బస్సులు తిరిగాయి గానీ ఆ అమ్మాయి మళ్లీ ట్యూషన్‌కి రాలేదు.

ఇప్పుడు టెక్కలిలో చెబుతున్నాను. జవాబు వచ్చాక తిరిగి వేసి చూడమంటే, దానికి మార్కులున్నాయా అని ఎవరో ఒకరు అడుగుతారు. అర మార్కు అంటాను. ఆ పిల్ల సంగతి మాత్రం ఇంతవరకూ ఏ బ్యాచ్‌కీ చెప్పలేదు.