రోగికి నిజము చెప్పవలెనా?



రోగికి రోగము పేరు చెప్పవలెనా, దాచవలెనా? ఆమదాలవలస చుట్టుపట్ల పల్లెలలోని మన ఇండ్లకును ఈ ప్రశ్న వచ్చుచునే యున్నది.

ఒక సంగతి ఆలోచింతము. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను జరిగిన ఒక తల్లికి, కొన్ని యేండ్లు గడచిన పిమ్మట, దీపము రెండుగా కనబడనారంభించును. ఒక కన్ను మూసికొనిన ఒకటే దీపము. రెండును తెరచిన రెండు దీపములు. కంటిని త్రిప్పు కండరములు ఆరు, వాటిని నడపు నరములు మూడు. రక్తముద్వారా వచ్చిన క్యాన్సరు కంటిగూటిలో పెరిగి ఆ కండరములనో నరములనో పట్టుకొనినయెడల, రెండు కన్నులు ఒకే దిక్కున నిలువజాలవు. రెప్ప వాలవచ్చును. కన్ను ముందుకు పొడుచుకొని రావచ్చును. రొమ్ము క్యాన్సరులో ఒక్కొక్కప్పుడు లోనికి క్రుంగవచ్చును. దీనిని వయస్సని, దిష్టియని ఎంచి కాలము పోగొట్టరాదు. ఎవరి పాపమని విచారించుటయు తగదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో అట్లడిగిన శిష్యులను ప్రభువే సరిదిద్దెను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండి యెక్కిన విశాఖపట్నము చేరవచ్చును. అచ్చట అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. అయితే ఏ ఆసుపత్రికి వెళ్లినను, కుమారుడు డాక్టరుగారిని ప్రక్కకు పిలిచి, “అమ్మకు చెప్పకండి బాబూ” అని బతిమాలుట మనమెరిగినదే. తల్లితో, “నరముల నీరసమేనమ్మా, తగ్గిపోవును” అనును. పొరుగువారికి మాత్రము నిజము తెలియును.

ఇది ప్రేమచేత చేసినదే. నిజము విని ఆమె కృంగిపోవునను భయమును మనము తేలికగా ఎంచము. అయితే ఆమెకేమియు తెలియదని ఎట్లనుకొందుము? చూడవచ్చినవారి గొంతు తగ్గుట ఆమె వినుచున్నది. కోడలు కొంగుతో కన్నులు తుడుచుకొనుట చూచుచున్నది. మనకు దుఃఖము కలుగకుండ తానును తెలియనట్లుండును. ఇంటినిండ మనుష్యులుండగా ఆమె ఒంటరిదగును. రేడియేషను అనేకులకు నొప్పిని తగ్గించి చూపును కాపాడును గాని, దేహమందంతట వ్యాపించిన రోగమును రూపుమాపదు. వైద్యమునకు వెళ్లుటయా, ఇంటనుండుటయా, ఎవరితో సమాధానపడుటయా, పొలము ఎవరి పేర వ్రాయుటయా అనునవి ఆమె తీర్చుకొనవలసిన పనులు. నిజము దాచినవారు ఆ దినములను ఆమె చేతినుండి తీసికొనుచున్నారు.

అట్లని నిజమును రాయివలె విసరరాదు. “అమ్మా, డాక్టరుగారు చెప్పినది నీకు ఎంతవరకు చెప్పమందువు?” అని ముందు అడుగుదము. వద్దన్నయెడల ఆ మాటను మన్నింతము. అడిగినయెడల అడిగినంత చెప్పి, చేయి పట్టుకొని కూర్చుందము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో సత్యమును ప్రేమయు విడిపోక నిలిచియున్నవి.

ఆ తల్లి కన్నులకు లోకము రెండైనది. మన మాటయైనను ఆమెకు ఒక్కటిగా నుండును గాక.