విశ్వాసులు ఒప్పుకోని సహజ ధర్మం

ఆరో పాల్ పోపు 1968 జూలై 25 తేదీతో ‘హ్యుమానే వీటే’ అనే విశ్వలేఖ వెలువరించారు. దాంపత్య కలయికలో ప్రేమనూ సంతాన అవకాశాన్నీ దేవుడే జతచేశాడు, వాటిని మనిషి విడదీయరాదు, కాబట్టి మాత్ర అయినా కండోమ్ అయినా ఆపరేషన్ అయినా తప్పేనన్నది అందులోని బోధన. గర్భం రాని రోజులు చూసుకుని కలవడం మాత్రం తప్పు కాదు. కతోలిక శ్రీసభ ఈ మాట మీద నేటికీ నిలబడే ఉంది. విశ్వాసులు మాత్రం నిలబడలేదు. అమెరికాలో 1970 నాటికే, కతోలిక భార్యల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది నిషిద్ధ పద్ధతులే వాడుతున్నారని జనాభా శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. 2016లో ప్యూ సంస్థ అడిగితే గర్భనిరోధం నైతికంగా తప్పన్నవాళ్లు అమెరికన్ కతోలికుల్లో 8 శాతమే. వారం వారం పూజకు వెళ్లేవాళ్లలోనూ అది 13 శాతం దాటలేదు. ఈ అంకెలు అవిధేయుల గురించి మాత్రమే చెబుతున్నాయా, బోధన గురించి కూడా ఏమైనా చెబుతున్నాయా?

సత్యం ఓట్లతో తేలదు కదా అనడం సులువు, సరైన మాట కూడా. శత్రువును ప్రేమించేవాళ్లు నూటికి ఒక్కరు లేకపోయినా ఆ ఆజ్ఞ కొట్టుబడిపోదు. కానీ శత్రువును ప్రేమించలేనివాడికి తన లోపం తనకు తెలుసు. పాపసంకీర్తనంలో దాన్ని ఒప్పుకుంటాడు కూడా. మాత్ర వేసుకునే తల్లికి అక్కడ ఒప్పుకోవలసింది ఏమీ కనిపించడం లేదు. ఒకటి బలహీనత, రెండోది నమ్మకపోవడం. అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. త్రిత్వ సిద్ధాంతాన్ని తర్కంతో కనుక్కోమని శ్రీసభ ఎవరినీ అడగదు, అది దైవం వెల్లడి చేస్తేనే తెలిసేది అంటుంది. గర్భనిరోధం విషయంలో అలా అనలేదు. ఇది ప్రధానంగా సహజ ధర్మం, బుద్ధి ఉన్న ఎవరికైనా అందేది అంది. ఈ బోధన మానవ బుద్ధికి తగినదని నేటి మనుషులు గ్రహించగలరన్న నమ్మకాన్ని పాల్ పోపు ఆ లేఖలోనే ప్రకటించారు. బుద్ధికి అందుతుందని చెప్పిన విషయం, భక్తీ చదువూ సంసారానుభవమూ ఉన్న కోట్లమందికి అందడం లేదంటే, అది ఆ వాదానికి వ్యతిరేకంగా సాక్ష్యమే. త్రిత్వానికి వర్తించని పరీక్ష దీనికి వర్తిస్తుంది, ఎందుకంటే ఆ పరీక్షను కోరుకున్నది శ్రీసభే.

1960ల్లో రోమ్‌లో జరిగింది చూసినా ఇదే కనిపిస్తుంది. 1930లో ఆంగ్లికన్ బిషప్పులు లాంబెత్ సమావేశంలో గర్భనిరోధానికి తలుపు కొద్దిగా తెరిచారు. ఆ ఏడాది చివర్లోనే పదకొండో పయస్ పోపు ‘కాస్తీ కొన్నూబీ’తో నిషేధాన్ని గట్టిపరిచారు. మాత్ర వచ్చాక, 1963లో, ఇరవైమూడో జాన్ పోపు ఈ ప్రశ్నను పరిశీలించేందుకు ఒక సంఘాన్ని వేశారు, పాల్ పోపు దాన్ని పెంచారు. బిషప్పులు, దైవశాస్త్రజ్ఞులు, వైద్యులతో పాటు షికాగోకు చెందిన క్రౌలీ దంపతులూ అందులో కూర్చున్నారు, అనేక కతోలిక జంటల అనుభవాలు సేకరించి తెచ్చారు. 1966లో సంఘంలో ఎక్కువమంది బోధన మారాలన్నారు. నిషేధాన్ని సమర్థించిన అల్పసంఖ్యాకుల పత్రం ఇంకా ఆసక్తికరం. కేవలం బుద్ధి ఆధారంగా స్పష్టమైన వాదన చూపగలిగితే అసలీ సంఘమే అవసరపడేది కాదని అది నిజాయితీగా ఒప్పుకుంది. వాళ్ల బరువంతా వేరేచోట పడింది: ఇన్నాళ్లూ శ్రీసభ పొరబడి ఉంటే పవిత్రాత్మ తోడ్పాటు ఏమైనట్టు? అది అధికారం గురించిన ఆందోళన. అందులో అర్థముంది, కానీ దాన్నుంచి సహజ ధర్మం పుట్టదు.

పాపం బుద్ధిని మసకబారుస్తుంది, ఒకప్పుడు బానిసత్వం కూడా క్రైస్తవులకు తప్పుగా తోచలేదు అంటారు కొందరు. బలమైన అభ్యంతరమే. అయితే బానిసత్వంలో అన్యాయం అనుభవించినవాడికి అది అన్యాయమని తెలుసు, కళ్లు మూసుకున్నది లాభపడినవాడు. ఇక్కడ మరెవరి నోరు నొక్కుతున్నారు? పాల్ పోపు హెచ్చరికలు నిజమయ్యాయి కదా అన్నది రెండో మాట. ప్రభుత్వాలు ఈ పద్ధతులను జనం మీద రుద్దవచ్చని ఆయన ముందే అన్నారు. 1976–77లో మన దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో బలవంతం ఎంతుందో ఎమర్జెన్సీ చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ దూరదృష్టికి గౌరవం ఇవ్వాల్సిందే. కానీ అక్కడి నేరం సమ్మతి లేకపోవడం. బలవంతపు పెళ్లి ఘోరమైతే పెళ్లే ఘోరం కాదు. పోనీ, స్వార్థంతో పిల్లల్ని వద్దనుకోవడమే అసలు తప్పా అంటే, మదర్ థెరిసా 1979 నోబెల్ ప్రసంగంలో కలకత్తా పేదలకు సహజ పద్ధతి నేర్పి వేల జననాలు తగ్గించామని సంతోషంగా చెప్పుకున్నారు. అంటే ఉద్దేశం తప్పు కాదు. తప్పంతా పద్ధతిలోనే ఉండాలి. తేదీ చూసి తప్పించుకోవడానికీ మాత్రతో తప్పించుకోవడానికీ ఉన్న ఆ సన్నని తేడా మోయాల్సిన బరువు, నా దృష్టిలో, దాని శక్తికి మించినది.

తెలుగునాట ఈ చిక్కు మరో రూపం తీసుకుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇందులో కతోలికుల లెక్క వేరుగా లేదు, వాళ్లు మరీ భిన్నంగా ఉంటారనుకోవడానికి కారణమూ కనబడదు. మాత్ర వాడే స్త్రీ ఇకమీదట మానేస్తానని మాట ఇస్తేనే పాపక్షమ. ఆపరేషన్ అయిన స్త్రీ ఒక్కసారి పశ్చాత్తాపపడితే చాలు, మానడానికి ఏమీ మిగలలేదు. శ్రీసభ దృష్టిలో మరింత గంభీరమైన చర్యకే బయటపడే దారి సులువైంది! 1997లో పాపసంకీర్తనం వినే గురువులకు వాటికన్ ఇచ్చిన మార్గదర్శకం ఇంకో అడుగు వేసింది. తప్పని నిజంగా తెలియనివారు, చెప్పినా మారరనిపిస్తే, వారిని ఆ సద్భావంలోనే వదిలేయడం మేలు అంది. దయగల సలహా అది. కానీ ఎదురుగా కూర్చున్నవారిలో అత్యధికులకు ఆ వెసులుబాటు వర్తించే చోట, ఆ ధర్మం అందరి బుద్ధికీ తెలిసినదేనన్న వాదనను గురువులు ఏ నోటితో కొనసాగిస్తారో నాకు బోధపడదు.