చేపల్లేని కుంట, మొదటి శీలం



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇల్లు కట్టుకున్న మన ఉపాసకుల్లో కొందరు వాకిట్లో చిన్న నీటి కుంట పెట్టుకుంటున్నారు. పక్కన బుద్ధుని విగ్రహం, నీళ్లలో నాలుగు కలువలు. మంచిదే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట మహద్ వెళ్లి, చౌదార్ చెరువులో దోసిలి ముంచి తాగడానికే పోరాటం చేయాల్సి వచ్చిన వాళ్లం మనం. మన వాకిట్లో మన నీళ్లుంటే ఆ సంతోషం వేరు. కానీ నీళ్లు నిలిస్తే దోమలు పుడతయి. ఆ దోమ పిల్లల్ని చంపితే పంచశీలలో మొదటి శీలం తప్పినట్టేనా? చంపకుండా వదిలేస్తే అది కరుణ అయితదా?

చాలామంది దీనికి వెంటనే ఒక జవాబు చెప్తరు: "గంబూసియా చేపలు వేయండి, అవే తినేస్తయి. మనం చంపినట్టు కాదు." చెరువుల్లో మున్సిపల్ సిబ్బంది వదిలేది ఈ చేపల్నే. ఇవి అమెరికా ఖండపు జాతి. దోమ పిల్లలతో ఆగవు. తూనీగ పిల్లల్ని, కప్ప గుడ్లను, తోకకప్పల్ని కూడా తింటయి. చిన్న కుంటలో వేస్తే మిగతా ప్రాణులకు చోటే ఉండదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. బుద్ధుడు కర్మను చేతనతో కొలిచాడు. చంపించాలనే చేప తెచ్చినప్పుడు, చంపింది చేప, నా చేతులు శుభ్రం అనడం ఏం న్యాయం? ఈ లెక్క మనకు బాగా తెలిసిందే. ఊళ్లో పశువు చస్తే మోయాల్సింది మనం, తోలు తీయాల్సింది మనం. ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడుక్కున్నవాడు పవిత్రుడు, కుట్టినవాడు అంటరానివాడు. పని ఒకరికి, పుణ్యం ఇంకొకరికి. కులం నిలబడ్డదే ఈ పంపకం మీద. దాన్ని వదిలి ధమ్మంలోకి వచ్చినం. మళ్లీ అదే పంపకాన్ని చేప మీద, మందు కొట్టే కార్మికుడి మీద పెట్టకూడదు.

"చేపలు లేకపోతే తూనీగలు తింటయి కదా, తేడా ఏముంది?" అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. తూనీగను మనం కొనలేదు, బంధించలేదు. అది తనంతట వచ్చి గుడ్లు పెట్టుకుంటది, తన బతుకు తను బతుకుతది. ఐటీ కారిడార్‌లో బండల మధ్య వానకు నిండే గుంటలు ఎన్నో కాంక్రీటు కింద పోయినయి. తూనీగకు, కప్పకు మిగిలిన చోటు తక్కువ. చేపల్లేని కుంట వాటికి మళ్లీ ఇల్లయితది. దీక్షనాడు తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీద దయ చూపి సంరక్షిస్తామన్నది ఒకటి. ఆ మాట ఇక్కడ పనిలోకి వస్తది.

కుంట చేయడం పెద్ద కష్టం కాదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంట చాలు. అడుగున ఇసుక పోసి, మందమైన షీటు పరవాలి. ఒక వైపు వాలుగా రాళ్లు పేర్చాలి, పడ్డ ప్రాణి ఎక్కి రావాలి కదా. వాన నీళ్లయితే మేలు. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేటట్టు రెండు రోజులు ఎండకు ఉంచాలి. కలువ ఆకులు నీటిని సగం దాకా కప్పితే పాకుడు తగ్గుతది. గుర్రపుడెక్క మాత్రం తేవద్దు, అది కుంటంతా మింగేస్తది. రాలిన ఆకులు తీసేయాలి, ఎండాకాలం తగ్గిన నీళ్లు పోయాలి. చిన్న పిల్లలున్న ఇంట్లో పైన జాలీ తప్పనిసరి.

తూనీగలు వచ్చేలోగా దోమలు వస్తయి. అసలు పరీక్ష అప్పుడే. మన వేడికి దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు చాలు. మొదట చేయాల్సింది గుడ్లు పెట్టకుండా చూడడం. చిన్న పంపుతో నీళ్లు కదులుతుంటే చాలా దోమలు గుడ్లు పెట్టవు. పుట్టని దోమను చంపే పని లేదు. అయినా పుడితే వారానికోసారి జల్లెడతో వడకట్టాలి.

ఈ జల్లెడ దగ్గర కొంచెం ఆగాలి. భిక్షువు దగ్గరుండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. నీళ్లలోని ప్రాణి చావకూడదని అది. ప్రాణులున్న నీళ్లని తెలిసి మట్టి మీద పారబోయడం భిక్షువుకు వినయంలో దోషం. మరి మనం జల్లెడ పట్టేది చంపడానికే. ఈ తేడాను దాచకుండా ఒప్పుకోవాలి. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను నియమంగా కాదు, సూత్రంగా చూడమన్నారు. చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని విడదీశారు. నియమం మన బదులు ఆలోచిస్తది. సూత్రం మనల్నే ఆలోచించమంటది.

అవసరం ఉందా? 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తెలిసిన తర్వాత తెలియనట్టు ఉండడం ప్రజ్ఞ కాదు. మన కుంటలో పుట్టిన దోమ మొదట పోయేది ఎవరి దగ్గరికి? ఏసీ గదిలో తలుపులు మూసుకున్నవాడి దగ్గరికి కాదు. సెల్లారులో నిద్రపోయే వాచ్‌మన్ పిల్లల దగ్గరికి, పక్క ప్లాటులో రేకుల షెడ్డులో ఉండే మేస్త్రీ కూలీల దగ్గరికి. వాళ్లకు డెంగ్యూ అంటే వారాల కూలి పోవడం, ఆస్పత్రికి అప్పు చేయడం. నా చేతికి పాపం అంటకూడదని వాళ్ల ప్రాణం మీదికి తెస్తే, అది నా పవిత్రత కోసం చేసే హింస.

కాబట్టి ఉపాసకులారా, కుంట పెట్టుకోండి, చేపలు వద్దు. వారానికోసారి జల్లెడ మాత్రం పనిమనిషి చేతిలో పెట్టకండి, మాలీ చేతిలో పెట్టకండి. మీరే పట్టండి. ద్వేషం లేకుండా, ఏం చేస్తున్నామో ఎరుకతో చేయండి. తూనీగలు స్థిరపడితే జల్లెడ అవసరం తగ్గుతూ వస్తది, ఆ తగ్గుదల కోసమే పని చేయండి. మీ వల్ల కాదనుకుంటే నీళ్లు నిలవనివ్వకుండా ఆ గుంటలో మట్టి నింపి మొక్కలు పెట్టండి. అది కూడా శీలమే.

భవతు సబ్బ మంగళం.