చుట్టపుచూపు

నవంబరు చివర్లో మా మేనకోడల్ని తీసుకుని అరకు వెళ్ళాను. దానికి పదకొండేళ్ళు. అక్కకీ బావకీ సెలవు దొరకలేదు, నాకు దొరికింది. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. కొండలు మొదలయ్యాక సొరంగాలు వచ్చాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలంతా ఒకటే అరుపు. మొదటి నాలుగైదింటికి మా పిల్ల మొహమాటపడింది, ఆ తర్వాత దానిదే పెద్ద గొంతు.

"ఇంత కొండ మనకోసం తవ్వారా మామయ్యా?"

కాదమ్మా, బైలదిల్లా గనుల్లో ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపానుకి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది, మనం తర్వాత వచ్చి ఎక్కాం, అని చెప్పాను.

"అంటే ఇక్కడివాళ్ళకోసం కూడా కాదన్నమాట" అంది. నేను కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు ఉండిపోయాను.

రెండు రోజులు తిరిగాం. రోడ్డుపక్క బొంగులో చికెన్ తిన్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క ఉండదు. నేను కాఫీ తాగాను, దానికి ఓ గుక్క ఇచ్చాను, మొహం చిట్లించింది. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు చూశాం. చాపరాయి దగ్గర కాళ్ళు తడుపుకున్నాం. గిరిజన మ్యూజియంలో మట్టిబొమ్మలు చూశాం: దంచుతున్న బొమ్మలు, వేటాడుతున్న బొమ్మలు. ఒక బొమ్మ చీరకట్టు చూసి, బయట ముగ్గు వేస్తున్న ఒకావిణ్ణి మా పిల్ల అడిగేసింది, "మీరు కూడా అలాగే కట్టుకుంటారా?" అని. ఆవిడ నవ్వింది. "మా అమ్మమ్మ కట్టేది. నాకు నైటీయే సుఖం."

అప్పటిదాకా అంతా బాగానే ఉంది. అసలు సంగతి ఆ రాత్రి జరిగింది.

మేం దిగిన చోట చలిమంట వేసి ధింసా ఏర్పాటు చేశారు. పదిహేను మంది దాకా ఆడవాళ్ళు, ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము దెబ్బకి అడుగు కలుపుతూ గుండ్రంగా కదులుతున్నారు. వరస చివర్న పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతి ఉంది. నేను ఫోటోలు తీశాను, వీడియో తీశాను. ఎవర్నీ అడగలేదు. డబ్బులిచ్చాం కదా, అడగాలని తోచనే లేదు. చివర్లో చూసేవాళ్ళని కూడా లాగుతారు కదా, మా పిల్ల వెళ్ళి ఆ అమ్మాయి పక్కన చేరింది. ఆట అయ్యాక ఆ అమ్మాయి ఎవరిదో ఫోను పట్టుకుని వచ్చి, మా పిల్లతో సెల్ఫీ దిగుతానంది. మా పిల్ల సరేనని నవ్వుతూ నిలబడింది కూడా.

"వద్దమ్మా" అన్నాను నేను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఎవరి ఫోనో, ఫోటో ఎక్కడికి పోతుందో, మా అక్క ఏమంటుందో. ఆ అమ్మాయి వెంటనే ఫోను దించేసింది. "సరే సార్" అంది. వెళ్ళిపోయింది.

గదికి వచ్చాక మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది, "నువ్వు మాత్రం ఆ అమ్మాయిని తీశావు కదా మామయ్యా."

నా వృత్తి సాఫ్ట్‌వేరు. నియమంలో తేడా దొరికితే సర్దిచెప్పడానికి మాకు ఎప్పుడూ ఓ కారణం సిద్ధంగా ఉంటుంది. అక్కడా వెతికాను. మన పిల్ల మైనరు. కానీ ఆ అమ్మాయీ అంతే. వాళ్ళు ఆడటానికి డబ్బు తీసుకున్నారు. ఆట చూడ్డానికి తీసుకున్నారు, ఫోటోని నేను ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి కాదు. నేను చెడ్డ ఉద్దేశంతో తీయలేదు. ఆ అమ్మాయికి చెడ్డ ఉద్దేశం ఉందని నాకెవరు చెప్పారు? అన్ని కారణాలూ తీసేస్తే చివరికి మిగిలింది ఒకటే: నేను చూసేవాణ్ణి, ఆ అమ్మాయి చూడబడేది. ఈ పాత్రలు తిరగబడతాయని నేను అనుకోలేదు, తిరగబడితే ఒప్పుకోలేదు.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1931లో పారిస్‌లో వలసల ప్రదర్శన జరిగినప్పుడు న్యూ కాలెడోనియా నుంచి తెచ్చిన కనాక్ మనుషుల్ని ఒక జంతువుల తోటలో జనానికి చూపించారు. అంత దూరం ఎందుకు, 2012లో అండమాన్ జారవా ఆడవాళ్ళని టూరిస్టుల ముందు తిండి ఆశపెట్టి ఆడిస్తున్న వీడియో బయటికొచ్చి దేశమంతా సిగ్గుపడింది. అరకుని వీటితో సమానం చెయ్యడం అన్యాయం. ధింసా ఆడేవాళ్ళు ఇష్టపడి వచ్చినవాళ్ళు, రేటు మాట్లాడుకున్నవాళ్ళు. అదే పారిస్‌లో 2017లో అరకు కాఫీ పేరుతో దుకాణం తెరిచారు. మనుషుల్ని చూపించిన ఊళ్ళో మనుషులు పండించింది కొనుక్కుంటున్నారు. ఇది కచ్చితంగా మెరుగే. అయితే తేడా ఎక్కడుందో స్పష్టంగా చెప్పుకోవాలి. డబ్బు చేతులు మారడంలో మాత్రం కాదు. జంతువుల తోటలో కూడా టిక్కెట్టు ఉంటుంది.

మనుషుల్ని కేవలం సాధనంగా వాడకు అన్నాడు కాంట్. ఆ మాటలో బరువంతా "కేవలం" మీదే ఉంది. డ్రైవరూ, వంటమనిషీ, కాఫీ పళ్ళు కోసినామె, అందరూ నా ప్రయాణానికి సాధనాలే. నా ఆఫీసుకి నేనూ సాధనాన్నే. మరి "కేవలం" ఎక్కడ మొదలవుతుంది? నాకు తోచిన గుర్తు ఒకటుంది: అవతలి మనిషికి "వద్దు" అనే వీలుందా? ఆ రాత్రి నాకు ఉంది, వాడుకున్నాను. ఆ అమ్మాయికి నేనా వీలు ఇవ్వనే లేదు.

ఆ పగలు జరిగిన ఇంకో విషయం అప్పుడు గుర్తొచ్చింది. నవంబర్లో అక్కడ వలిసెలు పూస్తాయి. లోయంతా పసుపు. నూనె గింజల పంట అది, అలంకారం కాదు. రోడ్డువార పొలాలకి కొందరు రైతులు తాడు కట్టి, లోపలికెళ్ళి ఫోటో దిగితే మనిషికి ఇరవై అంటున్నారు. నేను సణిగాను, పువ్వులు చూడ్డానికి కూడా డబ్బులా అని. చూడ్డానికి ఎవరూ అడగలేదు, తొక్కడానికి అడిగారు. ఆ తాడు చెబుతున్నది ఇదే: ఇది సీనరీ కాదు, నా చేను.

నిజానికి ఆ లోయ మొత్తానికీ ఒక తాడుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు. దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. బొర్రా పరిసరాల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళితే, 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: అక్కడి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదంది. బొర్రా గుహల ముందు సెల్ఫీ దిగేవాళ్ళలో ఆ తీర్పు సంగతి ఎంతమందికి తెలుసు? నాకూ ఈ మధ్యే తెలిసింది. చట్టానికి బినామీ దారులు వెతికేవాళ్ళ మాట వేరే చర్చ. కానీ హైదరాబాదులో జీతం వచ్చిన ప్రతివాడూ ఎక్కడికెళ్ళినా "ఇక్కడ ఓ రెండొందల గజాలు కొంటే" అనుకుంటాడు. అరకు ఒక్కటే నాతో అంది: చూడు, తిను, వెళ్ళు. అంటే నన్ను చుట్టంగా ఉండమంది.

చుట్టం అనే మాట దగ్గరే మనం తప్పిపోతున్నాం. అతిథి దేవోభవ అని టూరిజం ప్రకటనల్లో కూడా రాసుకున్నాం. అది ఇంటివాళ్ళకి చెప్పిన ధర్మం. వచ్చినవాడి ధర్మం ఏమిటో ఎవరూ బోర్డు పెట్టలేదు. కానీ మన అమ్మలు చెప్పే ఉంటారు: ఒకళ్ళింటికి వెళ్తే గదులన్నీ తొంగిచూడకు, పెట్టింది తిను, పేరు పెట్టి పలకరించు, వద్దన్నది ముట్టుకోకు, మర్యాదగా వచ్చెయ్. కస్టమర్‌కి ఇవేవీ అక్కర్లేదు. డబ్బిస్తే వాడి పని అయిపోతుంది. మనం కస్టమర్లుగా వెళ్ళి చుట్టాల మర్యాద ఆశిస్తున్నాం.

మరి వెళ్ళకుండా ఉంటే? వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యండి అనే స్నేహితులు నాకున్నారు. ఆ మాట వినడానికి గొప్పగా ఉంటుంది, కాని ఇరవై రూపాయలు అడుగుతున్న రైతుని ఎవరూ అడిగి చెప్పింది కాదు. నాకు గిడుగు రామమూర్తి గుర్తొస్తాడు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఇవే తూర్పు కనుమల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించాలని పుస్తకాలు తయారు చేశాడని అంతగా తలుచుకోం. వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఆయనకీ లాభం కలిగింది, పేరు వచ్చింది. లాభం పొందడం తప్పు కాదు. కానీ ఆయన చూడ్డానికి వెళ్ళలేదు, మాట్లాడ్డానికి వెళ్ళాడు. మాట్లాడాలంటే అవతలివాళ్ళు నిన్నూ ప్రశ్న అడుగుతారు. అక్కడే చూపు రెండువైపులా అవుతుంది.

రెండురోజుల సెలవులో ఎవరూ గిడుగు కాలేరు, నిజమే. భాష నేర్చుకోలేకపోవచ్చు. ఫోను తీసేముందు ఓ మాట అడగొచ్చు, అవతలివాళ్ళు ఫోను తీస్తే నిలబడొచ్చు. ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచనా అనిపించొచ్చు. నాకూ అనిపించింది, తిరుగు రైల్లో కూర్చున్నదాకా.

రైల్లో ఆ ఫోటో తెరిచి చూస్తున్నాను. చెరిపెయ్యాలా, ఉంచాలా తేలలేదు. చెరిపేస్తే తప్పు పోదు, సాక్ష్యం పోతుంది. పక్కనుంచి మా పిల్ల తొంగిచూసింది.

"ఆ అమ్మాయి పేరేంటో మనకి తెలీనేలేదు" అన్నాను.

"నాకు తెలుసు. ఆడేటప్పుడే అడిగాను. నా పేరు కూడా చెప్పాను."

"ఏంటి పేరు?"

కాసేపు నన్నూ, ఫోన్నీ మార్చి మార్చి చూసింది.

"నీకెందుకు? ఫోటో కింద రాయడానికా?"

సొరంగం వచ్చింది. ఈసారి అది అరవలేదు.