పట్టా చేతికొచ్చాక

దివిసీమలో నాట్లకు వెళ్లే ఓ తల్లి కూతుర్ని బీకాం దాకా చదివిస్తుంది. పట్టా చేతికొస్తుంది. కానీ జీఎస్టీ రిటర్ను ఎలా వేయాలో, ట్యాలీలో పద్దు ఎలా ఎక్కించాలో చాలా కాలేజీల్లో దగ్గర కూర్చోబెట్టి చూపించరు. బయట నేర్చుకుందామంటే ఫీజు, దానిమీద బెజవాడలో హాస్టలు ఖర్చు. ఎక్కణ్ణుంచి తెస్తుంది?

గన్నవరం దాటాక ఆత్కూరులో స్వర్ణభారత్ ట్రస్టు గ్రామీణ యువతకు ఉచితంగా వృత్తి శిక్షణ ఇస్తోంది. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా 15 నుంచి 35 ఏళ్ల పేద యువత కోసమే. శిక్షణ ఒక్కటే చాలదు. తిండి, వసతి, ఆపైన ఉద్యోగం చూపించే బాధ్యత కూడా ఉండాలి. ఆ తల్లికి మనం అంత బాకీ ఉన్నాం. డిగ్రీ అయి ఇంట్లోనే ఉంటున్న పిల్లలు మీ వీధిలో ఉంటే, ఈ కబురు ఇవాళే చెప్పండి.