డాఫ్నియాకి మనం పడ్డ బాకీ

మంచినీటి చెరువుల్లో ఉండే డాఫ్నియా పిల్ల ఆవగింజంత కూడా ఉండదు. నీళ్ళలో కరిగిన రాగి, జింకు, కాడ్మియం ఎంతుంటే ప్రమాదమో తేల్చడానికి, పుట్టి రోజు నిండని ఈ పిల్లల్ని రకరకాల మోతాదుల్లో వదులుతారు. 48 గంటల తరవాత లెక్కపెడతారు. సగం చచ్చిపోయే మోతాదు పేరు ఎల్.సి.50. అమెరికా నదుల్లో లోహాలకి పెట్టిన హద్దులు ఇలాంటి లెక్కల మీదే నిలబడ్డాయి.

అవసరమే కదా అంటే, అవసరమే. కానీ అవసరమైన పనికి బాకీ ఉండదా? 1966 నాటి అమెరికా జంతు సంక్షేమ చట్టంలో వీటికి చోటు లేదు. చట్టం వదిలేస్తే ధర్మమూ వదిలేస్తుందా?

మృదుజలంలో చంపే రాగి, అదే మోతాదులో కఠినజలంలో చంపకపోవచ్చు, కాల్షియం అడ్డుపడుతుంది. ఇలాంటివన్నీ లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ని అమెరికా పర్యావరణ సంస్థ 2007లో రాగి ప్రమాణాలకి తీసుకుంది. కొత్త నీరు ఎదురైనప్పుడల్లా కొత్త పిల్లల్ని చంపే అవసరం తగ్గింది. కంప్యూటర్లతో బతికేవాణ్ణి, సంతోషమే. అయితే ఆ మోడల్ నేర్చుకున్నదీ ఆ చావుల దగ్గరే. మా వాళ్ళం డేటా అని తేలిగ్గా అనేది అక్కడ ప్రాణాల లెక్క.

చంపి తెలుసుకున్నదాన్ని భద్రంగా దాచుకుని, మళ్ళీ మళ్ళీ చంపకుండా ఉండటం ఆ బాకీలో సగమే. హద్దు తెలిసి కూడా నదిలోకి లోహం వదిలితే, ఆ పిల్లలు ఊరికే చచ్చినట్టు.