రంగు క్రింది చెక్క

చిన్న తెరచాప పడవ గలవాని పనిముట్ల పెట్టెను తెరచి చూచినయెడల, అందులోని వస్తువులు రెండు తెగలుగా నుండుట కనబడును. చినిగిన చాపను కుట్టుటకు దబ్బనము, మైనము పూసిన దారము, దబ్బనమును నెట్టుటకు అరచేతికి తొడుగుకొను తోలుపట్టీ. చెక్కల సందులలో నారను దూర్చుటకు వెడల్పు అంచుగల ఉలి, కొయ్యసుత్తి. ఆ సందులను మూయుటకు నూనెతో కాచిన గుగ్గిలము. పైని పూయుటకు రంగు, కుంచె. ఇవన్నియు బాగుచేయు పనిముట్లు. రెండవ తెగలోనివి కొద్దియే. పిడి గల సన్నని ఇనుప మొన, చిన్న సుత్తి, లోతు చూచుటకు సీసపు గుండు కట్టిన త్రాడు. ఇవి దేనిని బాగుచేయవు. ఉన్నది ఉన్నట్లు చెప్పును, అంతే.

ఈ రెండవ తెగను చూచినప్పుడు ఒక ప్రశ్న పుట్టుచున్నది. తన పడవలో లోపమున్నదని ఎరుగనివాడు, ఆ లోపమువలన ఇతరులకు కలిగిన కీడునకు ఉత్తరవాది యగునా? "నాకు తెలియదు" అను మాట మనలను నిర్దోషులనుగా చేయునా?

మొదట పడవ సంగతి చూతము. కొయ్య మనుష్యుని సులభముగా మోసపుచ్చును. దానికి ఉప్పునీటికంటె వాననీరు పెద్ద శత్రువు. అడుగు పలకల క్రిందను, గాలి తగులని మూలలలోను నిలిచిన వాననీటివలన చెక్క లోలోపల మెత్తబడి కుళ్లును. పైనున్న రంగు మాత్రము నిగనిగలాడుచునే యుండును. సముద్రపు నీటిలో చెక్కను తొలుచు పురుగు ఒకటి కలదు. అది నిజముగా గుల్లజాతి ప్రాణి. పిల్లగా నున్నప్పుడు సూదిమొనంత రంధ్రము చేసికొని లోపల ప్రవేశించి, అక్కడనే పెరుగుచు, పలకను తేనెపట్టువలె చేయును. పైకి కనబడునది ఆ సూదిమొనంత గుర్తు మాత్రమే. ఇనుప మేకు తుప్పు పట్టినప్పుడు తన చుట్టునున్న చెక్కను కూడ చెరుపును. రంగుమీద దిగిన ఎర్రని చార దానికి సాక్షి. ఆ చారమీద మరల రంగు పూసినవాడు సాక్షి నోరు మూసినవాడే.

ఇనుప మొనతో నొక్కినయెడల మంచి చెక్క ఎదురు నిలుచును, కుళ్లిన చెక్క దారి యిచ్చును. సుత్తితో మెల్లగా తట్టినయెడల గట్టి పలక కంగున పలుకును, చెడినది డుబ్బుమనును. 2004వ సంవత్సరపు సునామీ తరువాత మన తీరమున ఫైబరు పడవలు విస్తరించినవి. వాటికి కుళ్లు లేకపోయినను, లోపలి పొరలు ఒకదానినొకటి విడిచినప్పుడు అదే సుత్తి అదే మాట చెప్పును. చెక్కలోని తేమను కొలుచు చేతి యంత్రములును ఇప్పుడు దొరకుచున్నవి. అయితే ఏ యంత్రమును తనంతట తాను పెట్టెలోనుండి బయటికి రాదు.

మరి మనుష్యుడు దానిని ఏల తీయడు? తెలివి లేక కాదు, భయమువలన. రంగు డబ్బాకు కొద్ది రూకలు చాలును. పలక మార్చవలెనన్న వడ్రంగి కూలి, కొయ్య ఖరీదు, వేట లేని దినములు, ఇవన్నియు ఎదురుగా వచ్చి నిలుచును. అందుచేత చేయి మొనవైపు పోక కుంచెవైపు పోవును. చూడనిది లేనట్లే యని హృదయము చెప్పుకొనును. ఇట్టి ఎరుగకపోవుట దానంతట అది వచ్చినది కాదు, కోరి తెచ్చుకొన్నది.

క్లిఫర్డ్ అను ఇంగ్లీషు గణితశాస్త్రజ్ఞుడు 1877లో ఒక వ్యాసము వ్రాసి, అందులో ఒక ఓడ యజమానుని ఉదాహరణముగా చెప్పెను. ఆ ఓడ పాతది, మరమ్మతు కావలసినది. యజమానునికి సందేహము కలిగెను. అయినను ఇన్ని ప్రయాణములు క్షేమముగా చేసినది గదా, దేవుడే కాపాడునని తనకు తాను నచ్చజెప్పుకొని, దేశాంతరము పోవు కుటుంబములను దానిలో ఎక్కించి పంపెను. ఓడ నడిసముద్రమున మునిగెను. అతడు భీమా సొమ్ము తీసికొనెను. అతని నమ్మిక యథార్థమైనదే కావచ్చును గాని, పరీక్షించి సంపాదించినది కాదు, సందేహమును అణచి సంపాదించినది; గనుక అతడు దోషి యని క్లిఫర్డ్ తీర్పు చెప్పెను. అంతేకాదు, ఓడ క్షేమముగా చేరినను అతని దోషము తగ్గదనెను. ఇది ఉత్త ఊహ కాదు. ఆ కాలముననే ప్లింసాల్ అను పార్లమెంటు సభ్యుడు, చెడిన ఓడలను అధిక భారముతో పంపు యజమానులమీద పోరాడెను. 1876లో వచ్చిన చట్టము, ఓడ ఎంతవరకు మునుగవచ్చునో తెలుపు గీతను దాని ప్రక్కను వేయవలెనని నిర్ణయించెను.

క్లిఫర్డ్ మన విశ్వాసమును పంచుకొన్నవాడు కాడు. అయినను అతడు వేసిన ప్రశ్న మనకే సూటిగా తగులుచున్నది. దేవునియందు నమ్మిక యుంచుట యనగా చెక్కను గుచ్చి చూడకుండుటయా? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము దీనికి ఉత్తరమిచ్చుచున్నది. ప్రాణనష్టము కలుగదని దేవదూత ద్వారా విన్న మాటను పౌలు అందరికి చెప్పియుండెను. ఆ తరువాతనే నావికులు గుండువేసి చూచి ఇరువది బారలని, మరికొంత దూరమున పదునైదు బారలని కనుగొనిరి. నాలుగు లంగరులు వేసిరి. వాగ్దానము గుండుత్రాడును పెట్టెలో పెట్టించలేదు. పైగా నావికులు పారిపోజూచినప్పుడు, వారు ఓడలో లేనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలే శతాధిపతిని హెచ్చరించెను. ఓడ పగిలెను గాని, 276 మందిలో ఒక్కరును నశింపలేదు.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "పేదవాడు ఏమి చేయును? లోపము కనబడినను పలక కొనుటకు చేతిలో సొమ్ము లేదే!" ఇది న్యాయమైన ప్రశ్న. శ్రద్ధతో వెదకియు కనుగొనలేకపోయినవానిని ఎవరును దోషి యనరాదు. కనుగొని బాగుచేయలేని పేదవానిని నిందించుటయు తగదు. అయితే అతనికి సొమ్ముతో పనిలేని విధి ఒకటి మిగిలియున్నది. పడవ ఎక్కువారితో, "ఈ పలక బలహీనముగా నున్నది" అని చెప్పుట. ఎక్కుటయో మానుటయో వారు నిర్ణయించుకొందురు. వేటలో వచ్చిన చేపలను పాళ్లు వేసికొనునప్పుడు పడవకును ఒక పాలు తీయు వాడుక కలదు. పడవ పాలు పుచ్చుకొన్నవాడు పడవ బాగోగులను కూడ పుచ్చుకొన్నవాడే. ఆ పాలు పలకకు చాలనప్పుడు, అదే పడవవలన బ్రదుకువారు తలకొంత వేసికొనుట దానము కాదు, న్యాయమే.

ప్రియ చదువరులారా, మనలో పడవలు లేనివారే ఎక్కువమంది. కాని ఎద్దుబండికి ఇరుసు కలదు, నూతికి చేదత్రాడు కలదు, బడిపిల్లలు కూర్చుండు పాకకు దూలము కలదు. వాటిమీద మన ప్రాణమే కాదు, మనలను నమ్మి దగ్గరకు వచ్చినవారి ప్రాణము ఆనుకొనియున్నది. "నాకు తెలియదు" అను మాట నోట వచ్చినప్పుడు, "తెలిసికొనుటకు చేయి చాపితినా?" అని ఎవరికి వారు అడుగుకొందురు గాక. రంగు పూయుట తప్పు కాదు. అది చెక్కను కాపాడును. అయితే మొదట మొన, తరువాత కుంచె.